మూడు ట్యూనర్లు, మామ పెట్టె

బేస్ గిటారు వాయించేవాడి బతుకు ఎలాంటిదంటే, వాయిస్తే ఎవరికీ వినపడదు, వాయించకపోతే మాత్రం పాట ఎందుకో బోడిగా ఉందంటారు. ఆ బోడితనం నేను చేతులు ముడుచుకోవడం వల్ల వచ్చిందని ఒక్కడికీ తట్టదు. ఎనభైల చివర్లో, శ్రీరాంపూర్ బొగ్గుబావుల చుట్టుపక్కల, ఆ నాలుగు తీగల కర్రను భుజానికి వేలాడేసుకుని నేను నిలబడని పెళ్లి పందిరి లేదు. ప్రతి పందిట్లోనూ ఎవరో ఒక పెద్దమనిషి స్టేజీ దగ్గరికి వచ్చి, నా చేతిలోదాన్ని ఎగాదిగా చూసి, జాలిగా అడిగేవాడు.

"ఏం తమ్మీ, కడమ రెండు తీగలు తెగినయా?"

మొదట్లో ఓపిగ్గా వివరించేవాణ్ని. తర్వాత్తర్వాత "అవునే, రేపు ఏపిస్త" అని ఊరుకున్నాను. ఆయన కూడా అప్పుడే సంతోషంగా భోజనాల వైపు వెళ్లేవాడు.

ఇంట్లో పరిస్థితి ఇంతకంటే గొప్పగా ఏమీ లేదు. నేను సాధన చేస్తుంటే మా ఆవిడ బియ్యం ఏరుకుంటూ, "నీ ధుమ్ ధుమ్ నాకైతే ఇనవడదు. నువ్వు వాయిస్తున్నవో, పక్కింట్ల మోటరు నడుస్తున్నదో ఎవలకెర్క" అనేది. కట్టుకున్న పెళ్లానికే వినపడని వాద్యాన్ని ఊరందరికీ వినిపించాలని నా తాపత్రయం.

పగలు నా ఉద్యోగం బావి మీద ల్యాంప్ రూములో. బావిలోకి దిగేవాళ్లు తలకు పెట్టుకునే దీపాలు చార్జింగు పెట్టి చేతికివ్వడం నా పని. ఆ దీపాలకూ నా గిటారుకూ ఒక పోలిక ఉంది, వెలుగుతున్నంతసేపూ వాటిని ఎవడూ పట్టించుకోడు. మా కాలనీలో బతుకంతా బావి సైరన్ మీదే నడిచేది. సైరన్ కూయగానే ఇంటింటా గోడ గడియారం ముల్లు దానికి సరిచేసుకునేవాళ్లు. రేడియోలో టైము వేరే చెప్తే, రేడియో తప్పు చెప్తుందనేవాళ్లు.

ఆర్కెస్ట్రాలో మాకు సైరన్ లాంటిది మా మామ హార్మోనియం. మామ అంటే మా ఆవిడ వాళ్ల నాన్న. చెన్నూరులో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, భజన మండలిలో పెట్టె నేర్చుకుని, బావిలో పనిచేసి రిటైరైన మనిషి. అత్త పోయాక, మా ఆవిడ ఒక్కగానొక్క బిడ్డ కాబట్టి మా ఇంట్లోనే ఉండేవాడు. ఆర్కెస్ట్రా అనేది మొదలైందే ఆ భజన మండలిలోంచి. దేవుడి పాటలు పోయి సినిమా పాటలొచ్చాయి, డోలకు పోయి డ్రమ్ము వచ్చింది, మామా ఆయన పెట్టే మాత్రం స్టేజీ నడిమధ్య ఉన్నచోటే ఉన్నాయి.

మా దగ్గర ఒక పద్ధతుండేది. ప్రోగ్రాం మొదలయ్యే ముందు మామ గొంగడి మడిచి పరిచేవాడు. ఊదుబత్తి ముట్టించి, పెట్టె మీద ఎర్రబట్ట తీసి, ఒక మెట్టు నొక్కి పట్టుకునేవాడు. అది సా. అది మోగుతున్నంతసేపూ గిటారువాళ్లం తీగలు బిగించుకోవాలి, తబలావాడు సుత్తితో తట్టుకోవాలి, పాడేవాళ్లు గొంతు సవరించుకోవాలి. మామ సా ఇవ్వకముందే ఎవడైనా తీగ మీటితే ఏమీ అనేవాడు కాదు, వాడి వైపు ఒక్క చూపు చూసేవాడు. ఆ చూపు తిన్నవాడు మళ్లీ మీటేవాడు కాదు.

ప్రోగ్రాం ఉన్ననాడు మామ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ అంగీ తొడుక్కుని, సాయంత్రం దాకా నలగకుండా నిటారుగా కూర్చునేవాడు. ప్రోగ్రాం లేనినాడు గడ్డం జోలికి పోడు, అన్నం సగం వదిలేస్తాడు, కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తాడు. అందుకే పెళ్లిళ్లు లేని మూఢం రోజులంటే మా ఆవిడకు భయం. బాపు మళ్లీ ముద్ద ముట్టడం లేదని నా ప్రాణం తీసేది, ముహూర్తాలు నేనేదో ఆపినట్టు.

ఇలా కుదురుగా ఉన్న కొంపలోకి ట్యూనర్ వచ్చింది.

తెచ్చింది మా ఆర్గనైజరు. బావి ఆఫీసులో గుమాస్తా, స్టేజీ మీద పెద్ద గాయకుడు. తనకు పాట నేర్పింది మామే, కానీ కరీంనగర్లో ఒక ఆర్కెస్ట్రాను చూసి వచ్చినప్పటి నుంచి ఆయనకు నిద్ర పట్టడం లేదు. అక్కడ హార్మోనియం లేదట, కీబోర్డుందట, అన్నీ మిషన్లేనట. అప్పటికప్పుడు కీబోర్డు కొనే స్తోమత లేక, ముందుగా మిషన్ల యుగానికి ద్వారం తెరుద్దామని, బొంబాయికి పత్తి పంపే భైంసా వ్యాపారి ఒకాయన్ని పట్టుకుని ఒక ట్యూనర్ తెప్పించాడు. నల్లటి డబ్బా, లోపల ఒక ముల్లు. తీగ మీటితే ముల్లు లేచి, నడిమధ్య నిలబడితే తీగ శ్రుతిలో ఉన్నట్టు. ఎడమకు పడితే తక్కువ, కుడికి పడితే ఎక్కువ.

అది మామూలు గిటారు కోసం చేసింది. నా లావు తీగ మీటితే ముల్లు ఒకసారి ఉలిక్కిపడి, అటూ ఇటూ చూసి, మళ్లీ పడుకునేది. ఇన్నాళ్లూ మనుషులకే వినపడదనుకున్నాను, ఇప్పుడు మిషనుకు కూడా వినపడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా డ్రమ్ము వాయించేవాడి బావమరిది దుబాయ్ నుంచి సెలవు మీద వస్తూ ఇంకోటి తెచ్చాడు. దానికి ముల్లు లేదు, ఎర్ర లైట్లు రెండు, పచ్చ లైటు ఒకటి. అది నా తీగను విన్నది గానీ, విన్న ప్రతిసారీ కొత్త అభిప్రాయం చెప్పేది. పైగా దాని బ్యాటరీ మంచిర్యాలలో దొరికేది కాదు. లైట్లు మాత్రం బాగుండేవి, పిల్లలు గుమిగూడేవాళ్లు.

ఇక నాకు పంతం పట్టింది. హైదరాబాదు పోయినప్పుడు ఆదివారం ఫుట్‌పాత్ మీద, పాత టేప్‌రికార్డర్ల మధ్య, సబ్బు డబ్బా అంత ట్యూనర్ ఒకటి దొరికింది. గీతలు పడి ఉంది, బ్యాటరీ మూతకు రబ్బరు బ్యాండు కట్టి ఉంది, కానీ దాని మీద గిటారుతో పాటు బేస్ అని కూడా అచ్చేసి ఉంది. ఇంటికి తెచ్చి లావు తీగ మీటితే ముల్లు మెల్లగా లేచి నిలబడింది. నిజం చెప్తున్నాను, పెళ్లిచూపుల్లో మా ఆవిడ తల ఎత్తినప్పుడు కూడా నాకు అంత ఆనందం కాలేదు. ఈ మాట ఆవిడకు చెప్పలేదు.

అయితే ఈలోపే గొడవ ముదిరింది. చెన్నూరులో ఒక పెళ్లికి ఆర్గనైజరు గిటార్లన్నిటినీ బొంబాయి డబ్బాతో శ్రుతి చేయించాడు. మామ తన పద్ధతిలో సా ఇచ్చాడు. గిటార్లొక దారి, పెట్టె ఒక దారి. మొదటి పాటకే రెండూ కయ్యానికి దిగాయి. పెళ్లికొడుకు మేనమామ లేచి "మైకు ఖరాబైనట్టున్నది, జర సూడుండ్రి" అన్నాడు. మైకువాడు పాపం పాట పాటకూ వైర్లు పీకి పెట్టాడు.

మర్నాడు ఆర్గనైజరు మా ఇంటికే వచ్చాడు. కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"కాకా, తప్పు వట్టకు. పెట్టె శ్రుతి ఎక్కువున్నది. మిషన్ల కరెక్టుగ సూపిస్తుంది. నాందేడోడు రిపేరు జేసినప్పుడు పెట్టె లోపటి ఇత్తడి పత్తీలు గీకిండు గద, అప్పటిసందే అయినట్టున్నది."

మామ పేపరు మడిచి పక్కన పెట్టాడు. "గన్ని ఏండ్ల సంది ఎవ్వలకు ఎక్కువగాలే. ఇప్పుడే అయిందా?"

"ఇన్ని దినాలు అందరం నిన్ను జూసి బిగిచ్చుకున్నం. అందరం గల్సి ఎక్కువున్నం. ఇగ దునియ మొత్తం ఒక్క లెక్కనున్నప్పుడు మనం ఒక్కలం వేరే ఉంటె ఎట్ల?"

"అయితె పెట్టె తప్పంటవు."

"నేనంటలేను కాకా, మిషన్ అంటుంది."

మామ మడిచిన పేపరునే ఇంకోసారి మడిచాడు. తర్వాత, "మంచిది. పటేల్ ముంగట కూసుందం. అన్ని మిషన్లు గదే మాటంటె నేను దిగిపోత. నన్ను దించనీకె నువ్వు పరేషాన్ గావద్దు" అన్నాడు.

ఆర్గనైజరు వెళ్లాక ఆయన పెట్టె మీద ఎర్రబట్టను తీసి, దులిపి, మళ్లీ కప్పాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఎలా ఉందంటే, శ్రుతి అనేదాన్ని లోకంలో కనిపెట్టింది నేనే అన్నట్టుంది. మామ స్టేజీ దిగితే ఇక ఈ మనిషి గడ్డం గీసుకునే రోజు రాదని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. మిషన్లకు మాత్రం తెలియదు.

మా వైపు పొలం గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల పంపకాలైనా పెద్దమనిషి ముందు కూర్చుంటారు. శ్రుతి కోసం పంచాయితీ పెట్టింది మాత్రం భూమండలం మీద మేమేనని నా నమ్మకం. పటేల్ అంటే మా ఆర్కెస్ట్రాకు మొదటి నుంచీ అండగా ఉన్న పెద్దరైతు. సంగీతం గురించి ఆయనకు తెలిసిందల్లా ఒక్కటే, పెళ్లిలో అది ఉండాలని. ఆదివారం పొద్దున, బావికి సెలవు కాబట్టి, మా ఇంటి ముందే బెంచీలు వేశాం. మధ్యలో చాప, చాప మీద పెట్టె, పెట్టె ముందు తువ్వాల పరిచి మూడు ట్యూనర్లు. చూడవచ్చిన కాలనీవాళ్లు బంగారం తూకమేమో అనుకున్నారు.

పటేల్ ట్యూనర్ ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"గిది ఎక్కడిది?"

"బొంబాయిది, పటేలా."

"గది?"

"దుబాయ్‌ది."

"గీ రబ్బరు గట్టింది?"

"హైదరాబాద్‌ది. అసలైతె జపాన్‌ది," అన్నాను నేను, రోషంగా.

"మరి పెట్టె?"

"చెన్నూరుది," అన్నాడు మామ. తెల్లవారకముందే లేచి గడ్డం గీసుకున్నాడు. గడ్డం కింద చిన్నగా కోసుకున్న గాటు ఉంది.

ముందు బొంబాయి డబ్బాను పెట్టె పక్కన పెట్టారు. మామ కళ్లు మూసుకుని, గిటారు తీగకు జతయ్యే మెట్టు నొక్కాడు. ముల్లు కుడికి పోయి పడింది. ఎక్కువ. ఆర్గనైజరు బెంచీ మీద కొంచెం వెడల్పుగా కూర్చున్నాడు. తర్వాత దుబాయ్‌ది. జన్మలో మొదటిసారి అది ఒక అభిప్రాయం మీద స్థిరంగా నిలబడింది. కుడివైపు ఎర్ర లైటు. అది కూడా ఎక్కువే.

ఇక నాది. నాది అన్నిటికంటే మంచి మిషను, అదే నా బాధ. ఇన్నాళ్లూ దాన్ని ఊరంతా పొగిడి చెప్పాను, ఇప్పుడు అది నిజం చెప్తే మామ గొంగడి చుట్టుకుని లోపలికి పోవాలి. అదే సమయానికి మా ఆవిడ టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

మామ మెట్టు నొక్కాడు. ముల్లు లేచింది. మెల్లగా, గౌరవంగా, నడిమధ్యకు వచ్చి నిలబడింది. అక్కడి నుంచి వెంట్రుకవాసి కదల్లేదు.

ఆర్గనైజరు వంగి చూశాడు, డబ్బాను తట్టి చూశాడు, మళ్లీ నొక్కమన్నాడు. మామ మళ్లీ నొక్కాడు. ముల్లు మళ్లీ అక్కడే నిలబడింది. మామ ముల్లును చూశాడు. తర్వాత తల ఎత్తి గుమ్మం వైపు చూశాడు. మా ఆవిడ గ్లాసులు పంచడానికి గుమ్మం దిగింది.

పటేల్ టీ తాగి, మీసం తుడుచుకుని, గట్టు తగాదా తీర్చినట్టే తీర్చాడు.

"ఇద్దరు కాదంటుండ్రు, ఒక్కడు అవునంటుండు. ఆ ఇద్దరు ఎక్కడోళ్లు? ఒకడు బొంబాయోడు, ఒకడు దుబాయోడు. మన పెండ్లిండ్లకు వాళ్లొస్తుండ్రా? మన పెట్టెతోని కలిసినోడే మనోడు. గీ రబ్బరు గట్టిందే మంచి మిషను. ఇగ లేవుండ్రి."

అలా మా ఆర్కెస్ట్రాకు ఇష్టమైన ట్యూనర్ ఎంపికైంది. ఏ ట్యూనరు మంచిదో తేల్చడానికి కొలిచే వస్తువును సాక్షిగా పెట్టి, కొలవాల్సిన వస్తువును న్యాయమూర్తిని చేసిన ఘనత మాది. ఆర్గనైజరు కూడా తెలివైనవాడే. ఆ సాయంత్రానికల్లా "నేనే మూడిట్ల ఏరి దీన్ని పెట్టిన, జపాన్ మాల్" అని ఊరంతా చెప్పుకున్నాడు. మిగతా రెండూ ఖరాబైనవని తీర్మానమైంది. దుబాయ్‌దాన్ని డ్రమ్మువాడి బిడ్డ లైట్ల కోసం తీసుకుంది.

నాకు మాత్రం అనుమానం తీరలేదు. ఇంట్లోకి పోయి డబ్బాను తిరగేసి చూశాను. పక్కన గోటితో తిప్పే చిన్న చక్రం ఒకటుంది. నేను కొన్ననాడు దాని గీత నాలుగు వందల నలభై దగ్గర ఉంది, లోకంలో అందరూ ఒప్పుకున్న శ్రుతి అదేనట. ఇప్పుడు ఆ గీత బాగా పైకి పోయి ఉంది.

"ఏమే, గీ మిషన్ ముట్టుకున్నవా?"

"ముట్టుకున్న," అంది, గ్లాసులు కడుగుతూ. "నిన్న బాపు బజారుకు పోయినప్పుడు పెట్టె ముంగట వెట్టిన. మెట్టు నొక్కితె ముల్లు పక్కకు వడ్డది. చక్రం తిప్పితె మంచిగ నిలవడ్డది. తిప్పిన."

"గట్ల తిప్పద్దే. పెట్టె సరిగ్గున్నదో లేదో సూసేటిదే గది."

"సైరన్ కూస్తె గడియారం తిప్పుతరా, సైరన్ తిప్పుతరా?"

శ్రుతి అంటే ఏమిటో తెలియని మనిషి, గడియారం అనుకుని పొరపాటున తిప్పిందనే అప్పుడు అనుకున్నాను. నేనేం తక్కువ తిన్నానని, గాయాలకు వేసే బట్ట ప్లాస్టరు ఒక ముక్క కత్తిరించి, ఆ చక్రం మీద గట్టిగా అంటించాను. ఎవరైనా అడిగితే పగిలిందని చెప్పాను.

ఆ తర్వాత జరిగిన వైభవం ఏమని చెప్పను. ఏ ప్రోగ్రాం అయినా ముందు మామ సా ఇచ్చేవాడు, దాని వెనకే నా సబ్బు డబ్బా దాన్ని ధ్రువీకరించేది. సర్టిఫికెట్టున్న సా అన్నమాట. కరీంనగర్ నుంచి ఒక వయొలిన్ ఆయన ఒకసారి మాతో వాయించడానికి వచ్చి, "గింత బిగిస్తె నా తీగలు తెగుతయ్, మీ శ్రుతి ఎక్కువున్నది" అని మొత్తుకున్నాడు. ఆర్గనైజరు నా ట్యూనర్‌ను ఆయన ముక్కు కింద పెట్టి, "మిషన్ కంటె నీకెక్కువ ఎర్కనా?" అన్నాడు. పాపం ఆయన బిగించాడు, ఒక తీగ తెగింది కూడా. కొన్నాళ్లకు కీబోర్డు రానే వచ్చింది. దాని వెనక శ్రుతి మార్చే మర ఒకటుంటే, దాన్ని కూడా నా ట్యూనర్‌కు కలిపేశాం. మిషన్ల యుగం వచ్చి మామ పెట్టె పక్కన చేతులు కట్టుకుని కూర్చుంది. శ్రీరాంపూర్ నుంచి భైంసా దాకా ఎందరి పెళ్లిళ్లో, లోకానికంటే కొంచెం పైన జరిగాయి. సంసారాలు బాగానే ఉన్నట్టున్నాయి.

మామ చివరి ప్రోగ్రాం దాకా గడ్డం గీసుకునే వచ్చాడు. తర్వాత ఒక వానాకాలం జ్వరం తగిలి, వారం తిరక్కుండా పోయాడు. ఆర్గనైజరు వచ్చి పాడె మోశాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెట్టెను ఒక ప్రోగ్రాంకు దండ వేసి స్టేజీ మీద పెట్టాం. ఆ తర్వాత అది మా ఇంట్లో ఎర్రబట్ట కింద ఉండిపోయింది.

కొన్ని నెలలకు ఆర్గనైజరు మెల్లగా కదిపాడు. "తమ్మీ, హైదరాబాద్ల క్యాసెట్ రికార్డింగు దొరికేటట్టున్నది. ఆడ మన శ్రుతి నడ్వదంట. ఇగ కాక లేడు గద. జర అందరితోని కలుద్దం." ఆయన తప్పేమీ లేదు. నేనూ సరేనన్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని చక్రం మీది ప్లాస్టరు పీకాను. ఏళ్ల మురికికి అది నల్లగా అంటుకుపోయి ఉంది. గీతను నాలుగు వందల నలభైకి తిప్పి, తీగలు ఒక్కొక్కటీ వదులు చేసుకుంటూ వచ్చాను. నాలుగో తీగ దగ్గర ముల్లు వచ్చి నడిమధ్య నిలబడింది. ఇక లోకంలో నేను ఎవరితో కలిసి వాయించినా గొడవ లేదు. గిటారు ఎత్తుకుని ఎప్పటి సాధనే మొదలుపెట్టాను. వేళ్లు వాటంతటవే కదులుతున్నాయి.

వంటింట్లో రొట్టెలు తడుతున్న చప్పుడు ఆగింది. ఇన్నేళ్లలో నా ధుమ్ ధుమ్ వినపడదన్న మనిషి, తలుపు దగ్గరికి కూడా రాకుండా, లోపలి నుంచే అంది.

"బాపు సా దిగింది. సూస్కో."

నేను చక్రం మీద గోరు పెట్టి, ఇన్నేళ్లూ ప్లాస్టరు కింద ఉన్నచోటికి తిప్పాను. తీగలు మళ్లీ బిగిస్తుంటే, లోపల రొట్టెల చప్పుడు మొదలైంది.